రెండో తీగకు మీట

1964 సెప్టెంబరు 6, ఆదివారం. ముత్తుకూరు.

నాకు డైరీ రాసే అలవాటు లేదు. ముప్పై ఎనిమిదేళ్లు బడి రిజిస్టర్లు రాశాను. ఇంటి సామాను పట్టీలు ఇప్పటికీ రాస్తున్నాను. ఏ వస్తువు వచ్చింది, ఏది పోయింది, ఏది విరిగింది అని వాటిల్లో గడులుంటాయి. ఈ రోజు రాయవలసింది ఆ గడుల్లో పట్టలేదు. ఇంట్లో ఇంకొకరితో చెప్పుకునేది కూడా కాదు. అందుకని ఈ కొత్త నోటుబుక్కు.

నిన్న నెల్లూరు ఆసుపత్రిలో మా ఏసుమణి ఎడమచెయ్యిని డాక్టరమ్మ ఆఖరుసారి చూసింది. మే నెలలో ఊరగాయ జాడీ జారుతుంటే పట్టుకోబోయి కోసుకున్న చెయ్యి. నడిమివేలు, ఉంగరంవేలు వంగుతున్నాయి, అదుముతున్నాయి. పక్కకు తోయలేకపోతున్నాయి. ఇక ఇంతే అన్నది. "రాసుకోవడానికి కుడిచెయ్యి ఉంది కదా, పిల్లలకు పాఠాలు చెప్పుకోవచ్చు" అని కూడా అన్నది. మంచి మనిషే.

ఏసుమణి మా పెద్దవాడి కూతురు. వాడు గూడూరు రైల్వేలో ఉన్నాడు. చదువు కోసం ఐదో ఏట నా దగ్గరికి వచ్చి, ఇరవై రెండేళ్లు నిండి, ఇక్కడి బడిలోనే టీచరై, నా దగ్గరే ఉంది. గిటారు వాయిస్తుంది. కరెంటు గిటారు. హారియట్ దొరసాని ఐదేళ్ల కింద స్వదేశం పోతూ మా చర్చికి ఇచ్చిపోయినది. మైకుసెట్టు హజరత్తయ్య తన బ్యాటరీ, పెట్టె తెచ్చి తగిలిస్తేనే అది పలుకుతుంది.

ఆ గిటారు మీద మన కీర్తన పలకాలంటే తీగను అదిమిన వేలితోనే పక్కకు తోయాలి. తోస్తే స్వరం పైకి జారుతుంది. ఆ రెండు వేళ్లే తోసేవి. నవంబరు 12న బెజవాడ రేడియో స్టేషనులో పరీక్షకు రమ్మని దెబ్బ తగలకముందే ఉత్తరం వచ్చింది. ఏసుమణి దాన్ని అద్దం వెనక పెట్టింది. తీసివేయదు, చూడదు.

బస్సు దిగినాక ఏసుమణి అన్నది: "అవ్వా, గిటారు చర్చికి ఇచ్చేద్దాం."

"పెట్టె తుడిచి ఇవ్వాలి. దుమ్ము పట్టింది" అన్నాను.

నేను అనవలసిన మాట అది కాదు. ఏది అనవలసిందో ఇప్పటికీ తోచలేదు.

సెప్టెంబరు 7, సోమవారం

పెట్టె నేనే తుడిచాను. లోపలి మఖమలు గుడ్డ కింద కంపెనీవాళ్ల కాగితం ఒకటి దొరికింది. ఇంగ్లీషులో ఉంది. మన గిటారే బొమ్మ వేసి ఉంది. కానీ బొమ్మలో తీగలు వచ్చి ఆగే చోట, వెనకవైపు, చిన్న ఇనుప మీట ఒకటి బిగించి ఉంది. వాయిస్తూ వాయిస్తూ కుడి అరచేతి అంచుతో ఆ మీటను నొక్కితే రెండో తీగ లాగబడి స్వరం పైకి పోతుందట. వదిలితే యథాస్థానానికి వస్తుందట. ఎడమచేతి వేళ్లు తోయనక్కరలేదు.

ఏసుమణి ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చదివింది. మళ్లీ చదివింది. హజరత్తయ్యను పిలుచుకొచ్చింది. నాలుగు నెలల తరువాత ఆ పిల్ల పరుగెత్తడం చూశాను.

హజరత్తయ్య గిటారును ఒళ్లో పెట్టుకుని ఆ చోట బొటనవేలితో రుద్దినాడు. నాలుగు బెజ్జాలు, మైనం పెట్టి పూడ్చినవి, బయటపడ్డాయి.

"ఈడ మీట ఉండిందమ్మా. ఎవురో పీకేసినారు. పీకినోళ్లు ఎవురో గాని నీటుగా పీకినారు. మైనం గూడా పెట్టినారు, చూడండి!"

"దొరసాని తీసుకుపోయి ఉంటుంది" అన్నాను.

"మీటను తీస్కపోయి గిటారు ఇడిసిపెట్టి పోతారా టీచరమ్మా? తోక కోసుకుని ఆవును ఇచ్చినట్టు."

ఏసుమణి నవ్వలేదు. "అవ్వా, ఇది ఎట్టయినా దొరికితే నేను బెజవాడ పోతాను" అన్నది. "దొరక్కపోతే ఇచ్చేద్దాం."

సెప్టెంబరు 8

ఇలాంటి మీటను నేను చూసిన గుర్తు లేదు.

సెప్టెంబరు 12, శనివారం

మద్రాసులో ఒక వాయిద్యాల దుకాణానికి, కలకత్తాలో ఒక దుకాణానికి ఉత్తరాలు రాశాను. బొమ్మను పల్చటి కాగితం మీద నకలు దించి జతపరిచాను. బెజ్జాల మధ్య కొలతలు కూడా రాశాను: అడ్డం అంగుళం ముప్పాతిక, నిలువు అంగుళం. ఏసుమణి చూసి, "బెజ్జాలు నువ్వే చేసినట్టు కొలిచినావే" అన్నది.

ఆ మాటకు నేను పెన్నుకు మూత పెట్టి లేచాను.

సెప్టెంబరు 28, సోమవారం

రెండు జవాబులూ వచ్చాయి. కలకత్తావారిది ఒక్క వాక్యం: లేదు. మద్రాసువారిది మర్యాదగా ఉంది. ఆ మీటను చేసే విదేశీ కంపెనీ రెండేళ్ల కిందటే దాన్ని తయారు చేయడం ఆపివేసిందట. ఉన్న సరుకు ఆ దేశంలోనే అయిపోయిందట. ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉంటే అది పాత గిటారు మీద ఉన్నదే అయి ఉంటుందట.

నేను చదువుతుంటే ఏసుమణి కంచాలు కడుగుతూ ఉంది. చదవడం అయిపోయినా కడుగుతూనే ఉంది. మూడే కంచాలు.

సెప్టెంబరు 30

చూసిన గుర్తు లేదు అని ఆ రోజు రాశాను. గుర్తు లేదన్నది నిజమే. పట్టీ పుస్తకాలున్న మనిషికి గుర్తుతో పనేమిటి?

1959 పుస్తకం అలమారలో పైవరుసలో ఉంది. ఈ రోజు పైవరుస తుడవలేదు.

అక్టోబరు 2, శుక్రవారం

ఏసుమణి బడిలో జెండా పనికి పోయినాక పుస్తకం దించాను. ఆగస్టు 18 తేదీ కింద నా అక్షరాలే ఉన్నాయి.

"గిటారు నుండి తీసివేసిన ఇనుప సామాను 1. మరలు 4 (అగ్గిపెట్టెలో). బెజ్జాలు మైనంతో పూడ్చడమైనది. పాత ఇనుము 11 ముక్కలు చిన్నపోలయ్యకు ఇవ్వడమైనది."

అగ్గిపెట్టె కుట్టుమిషను సొరుగులో ఉంది. మరలు నాలుగూ ఉన్నాయి.

ఇప్పుడు అంతా గుర్తుకు వస్తున్నది. దొరసాని పోయిన వారం. బడిపిల్లలు గిటారు చుట్టూ చేరి ఆ మీటను నొక్కి నొక్కి వదులుతున్నారు. తీగ పిల్లిలా మూలుగుతున్నది. స్వరాన్ని దాని చోటు నుండి తప్పించడానికే ఒక పరికరం చేసి వాయిద్యానికి బిగిస్తారా అని నాకు ఒళ్లు మండింది. ముప్పై ఎనిమిదేళ్లు నేను చేసిన పని ఒక్కటే, పిల్లల గొంతులను హార్మోనియం మెట్టు మీద నిలబెట్టడం. పక్కకు జారితే బెంచీ ఎక్కించడం. ఆ సాయంత్రమే స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

చెడిపోయిన వస్తువును తీసివేశానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది బాగానే పనిచేస్తూ ఉండింది.

అక్టోబరు 4, ఆదివారం

చర్చి నుండి వచ్చినాక, "రేపు కృష్ణపట్నం దోవలో పట్టపుపాలెం దాకా పోయి వస్తాను. రేవు దగ్గర మనుషులకు పాత ఇనుము దొరుకుతుంటుంది. అడిగి చూస్తాను" అన్నాను. ఒక్కదాన్నే పోదామని నా ఆలోచన.

"నేనూ వస్తా. బడికి సెలవు పెడతా" అన్నది ఏసుమణి.

"ఎండ."

"ఎండ మీద నీకొక్కదానికే హక్కు ఉండాదా?"

అక్టోబరు 5, సోమవారం

చిన్నపోలయ్య పడవ మనిషి. ఇప్పుడు కొడుకులు సముద్రం మీదికి పోతుంటే తాను మేకలు పెంచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. బొమ్మ కాగితం ఏసుమణి చేతిలోనే ఉంది. నేను నోరు తెరవకముందే చూపించింది.

"తాతా, ఇట్టాంటి ఇనుప వస్తువు ఈ చుట్టుపక్కల యాడన్నా చూసినావా?"

"యాడన్నా ఏందమ్మా, మా దొడ్డి తలుపుకే ఉండాదే!"

దొడ్డి దగ్గరికి తీసుకుపోయినాడు. తాటిపట్టెల తలుపుకు మీట బిగించి ఉంది. నొక్కితే గడియ లేస్తుంది. వదిలితే స్ప్రింగు గుంజి తలుపు పడుతుంది. నొక్కి చూపించినాడు. ఆరు మేకలు తలెత్తి చూశాయి.

"ఐదేండ్లాయె. ఒక్క మేక బయటికి పోలేదు. ఇట్టాంటి గడియ బజారులో దొరకదు."

"నీకెట్టా వచ్చింది తాతా?" అన్నది ఏసుమణి.

చిన్నపోలయ్య నా వైపు తిరిగినాడు. "అమ్మగారే గదా ఇచ్చింది. బడి సామానంతా దులిపిన దినం. 'పనికిమాలిన ఇనుము, పట్టుకపో' అన్లా అమ్మా? లెక్కపెట్టి మరీ ఇస్తిరి. పదకొండు ముక్కలు!"

నేను మేకలను చూస్తూ నిలబడ్డాను.

"అవును" అన్నాను. "ఆ మీటను పీకింది నేనే ఏసుమణీ. శుక్రవారం నుండి నాకు తెలుసు. దానికి ముందు కూడా సగం తెలుసు."

పిల్ల నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. పెదవులు బిగపట్టింది. అవి ఆగలేదు. "మైనం గూడా పెట్టినావా అవ్వా?" అని నవ్వడం మొదలుపెట్టింది. తలుపు పట్టుకుని, కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మే నెల తరువాత ఇదే మొదటిసారి. చిన్నపోలయ్యకు ఏమీ తెలియకపోయినా నవ్వినాడు. నేను మాత్రం నవ్వలేదని రాసుకుంటున్నాను. కొద్దిగా నవ్వి ఉండవచ్చు.

చిన్నపోలయ్య మీటను ఊరికే ఇచ్చినాడు. దాని బదులు తలుపుకు తాడు కట్టి వచ్చాము.

అక్టోబరు 6

చిన్నపోలయ్య మేకలు రెండు బయటపడి ఎవరి చెనక్కాయ చేనులోనో దొరికాయట. అతని భార్య కబురు పంపింది: "టీచరమ్మ పాటకు మా మేకలు తప్పిపోవాల్నా?" సాయంత్రానికల్లా ఇత్తడి గడియ ఒకటి హజరత్తయ్య చేత పంపించాను.

అక్టోబరు 10, శనివారం

మీట చుట్టూ ఉప్పుగాలి తుప్పు. కిరసనాయిలులో మూడు రోజులు నానింది. ఏసుమణి కుడిచేత్తో బ్రష్షు పెట్టి రుద్దుతుంది, ఎడమచేత్తో పట్టుకుంటుంది. ఆ చేతిని అంతసేపు వాడటం డాక్టరమ్మ చూస్తే సంతోషించేది.

తుప్పు పోయింది. స్ప్రింగు మాత్రం రెండు ముక్కలైంది.

అక్టోబరు 17, శనివారం

స్ప్రింగుల పట్టీ:

టార్చిలైటుది. మెత్తన. తీగ బిగువుకు మీట తనంతట తానే లేచింది.

సైకిలు స్టాండుది. గట్టి. నొక్కితే ఏసుమణి అరచేతిలో గుంట పడింది. ఒద్దన్నా ఇంకో నాలుగుసార్లు నొక్కింది.

సైకిలు బ్రేకుది. హజరత్తయ్య సొంత సైకిలుది. సరిపోయింది.

"మరి నీ బ్రేకు?" అన్నాను.

"కాళ్లు ఉండాయి గదమ్మా" అన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ పొమ్మని చెప్పాను. మలుపు దాకా నడిపించి, నాకు కనపడననుకుని ఎక్కినాడు.

అక్టోబరు 19, సోమవారం

బిగించాము. మైనం తీసి, పాత బెజ్జాల్లోనే, అగ్గిపెట్టెలోని పాత మరలే. నాలుగూ పట్టాయి. హజరత్తయ్య అగ్గిపెట్టె మీది తేదీ చదివి నాకు నమస్కారం పెట్టినాడు. ఎగతాళికే.

మీట కింద ఇంకొక చిన్న మర ఉంది. మీటను ఎంత నొక్కినా ఆ మర దగ్గర ఆగిపోతుంది. దాన్ని తిప్పిన కొద్దీ తీగ ఎక్కువగానో తక్కువగానో లాగబడుతుంది. సరిగ్గా ఒక స్వరం పైకి పోయేటట్టు పెట్టుకోమని కంపెనీ కాగితంలో ఉంది. నేను హార్మోనియం మెట్టు నొక్కి పట్టాను. హజరత్తయ్య మర తిప్పినాడు. రెండు ధ్వనులూ ఒకటైన చోట ఆపించాను.

"పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి" అని రాసి పెట్టెకు లోపల అంటించాను.

ఏసుమణి వాయించింది. పరీక్షకు అనుకున్నది పట్టపుపాలెం చర్చిలో ఆడవాళ్లు పాడే పాత కీర్తన. "నా దోనె దరి చేర్చవా" అని వస్తుంది. అందులో "దరి" అన్న చోట స్వరం లేస్తుంది. మీట నొక్కింది. లేచింది. హార్మోనియంతో వెంట్రుకవాసి తేడా లేదు.

పిల్ల వేళ్లు ఆపింది. "ఇది కాదు" అన్నది.

"ఇదే. మెట్టుతో సరిచూశాను."

"సరిగ్గా ఉంది. అది కాదు."

అక్టోబరు 22, గురువారం

మూడు రోజులుగా ఇదే. "ఇన్‌స్పెక్టరు వచ్చినాడని బడిపిల్ల నిలబడి పాడినట్టు ఉండాది" అంటుంది. తాను మర తిప్పుతుంది, ఎక్కడ ఆపాలో తేలదు. "ముందు వేలికి తెలిసేది అవ్వా. వేలితో తోసేటప్పుడు చెవి చెప్పేది, వేలు ఆగేది. ఇప్పుడు మర చెప్పాల, మరకు తెలీదు." నేను మళ్లీ ఒకటిన్నరకు తెస్తాను.

ఈ రోజు పొద్దున నేను మర తిప్పుతుంటే చూసి, ఏమీ అనకుండా గిటారు పెట్టెలో పెట్టి మూసింది.

"బెజవాడ పోను అవ్వా. నీ కష్టం, హజరత్తయ్యన్న బ్రేకు, అన్నీ నా నెత్తిన ఉండాయి. కానీ ఇది వాయించి పాస్ అయినా నాకు వద్దు. అది మా పాట కాదు."

"మా పాట" అన్నది. పాలెంలో పుట్టింది నేను. మా అమ్మ పుట్టింది. ఈ పిల్ల గూడూరులో పుట్టింది.

అక్టోబరు 23

పెట్టె తెరవలేదు. వాన.

అక్టోబరు 25, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

చర్చి నుండి వచ్చి, వసారాలో చాప వేసుకుని, రేపటి బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. వాన సన్నగా పడుతున్నది. ఏసుమణి లోపల ఉందని తెలుసు. గిటారు పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. నేను తల తిప్పలేదు. తిప్పితే మూసివేస్తుందేమోనని.

కాసేపటికి తీగ చప్పుడు, బ్యాటరీ లేకుండా సన్నగా. ఒకటే స్వరం, మీట నొక్కి వదలడం, మర తిప్పడం, మళ్లీ నొక్కడం. ఉన్నట్టుండి ఏసుమణి బయటికి వచ్చింది, చేతిలో స్క్రూడ్రైవరుతో.

"అవ్వా, ఆపొద్దు."

"ఏమిటి ఆపొద్దు?"

"పాడతా ఉన్నావు గదా."

నేను పాడటం లేదన్నాను. బియ్యం ఏరుతున్నానన్నాను.

"దరి కాడికి వచ్చి ఆపేసినావు. మళ్లా పాడు."

పాడాను. లోపలికి పరుగెత్తి వాయించి చూపింది. మీట నొక్కగానే నా "దరి" నాకు ఎదురుగా వచ్చి నిలబడినట్టయింది. మా అమ్మ వల బాగుచేసుకుంటూ పాడినట్టే ఉంది. ఆమెకు అక్షరం రాదు, హార్మోనియం చూసి ఎరగదు. ఆమె పాట నా గొంతులో ఉన్నట్టు నాకు తెలియదు.

"ఇది హార్మోనియంతో సరిపోదు" అన్నాను.

"సరిచూద్దామా?"

హార్మోనియం తెచ్చి ముందు పెట్టింది. నేను పాడాను, ఏసుమణి మెట్లు నొక్కింది. నా "దరి" కింది మెట్టు మీద లేదు, పై మెట్టు మీదా లేదు. రెంటికీ నడుమ, పైదానికి దగ్గరగా ఉంది. గొంతు బొంగురుగా ఉందన్నాను. మంచినీళ్లు ఇచ్చింది. మళ్లీ పాడాను. అక్కడే. పట్టుదలగా మెట్టు మీద నిలబెట్టి పాడబోయాను. నిలబెట్టినాననే అనుకున్నాను. అక్కడే. మొత్తం ఆరుసార్లు పాడాను. ఆరింటికి ఆరు ఒకే చోట.

"నువ్వు తప్పు పాడినా ఎంత కరెక్టుగా పాడతావు అవ్వా!" అన్నది.

ఇరవై రెండేళ్ల పిల్లతో ఆ మాట అనిపించుకుని నేను ఊరుకున్నాను. అంతేకాదు, ఏడవసారి అడగకుండానే పాడాను.

పుష్పకుమారి అని ఒక పిల్ల. 1938లో నాలుగో తరగతి, పట్టపుపాలెం నుండి నడిచి వచ్చేది. ఈ కీర్తనలోనే, ఈ మాట దగ్గరే జారుతుందని ఒక మధ్యాహ్నమంతా బెంచీ మీద నిలబెట్టాను. కింద నిలబడి సరిగ్గా ఎలా పాడాలో పాడి వినిపించాను. ఇప్పుడు తెలుస్తున్నది, నేనూ అలాగే పాడి ఉంటాను. ఆ పిల్ల నన్ను విచిత్రంగా చూసింది. దిగమన్నా దిగలేదు కాసేపు. మొండితనం అనుకున్నాను.

సాయంత్రం హజరత్తయ్య బ్యాటరీ తెచ్చినాడు. ఏసుమణి మొదటినుండి చివరిదాకా వాయించింది. ఎడమచేతి వేళ్లు తీగలను అదిమి ఊరకే ఉన్నాయి, కుడి అరచెయ్యి మీట మీద ఊపిరి తీసినట్టు కదులుతున్నది. హజరత్తయ్య విన్నంతసేపు విని, "ఆ బ్రేకు ఇక నేను అడగనమ్మా" అన్నాడు.

పెట్టెలో నేను అంటించిన కాగితం చింపివేశాను. కొత్తది రాద్దామని మరను పూర్తిగా బిగించి, చుట్లు లెక్కపెట్టి చూద్దామన్నాను. ఏసుమణి గిటారును గుండెకు హత్తుకుని, "ముట్టుకోవద్దు" అన్నది. ఎంత తిప్పిందో అడిగితే, "ఒకటిన్నర కంటే కొంచెం ఎక్కువ" అన్నది. కొంచెం అంటే ఎంత అంటే, "కొంచెమే అవ్వా."

కొంచెం. ఇన్నేళ్లలో నా పుస్తకాల్లో ఎక్కడా రాయని కొలత. రాశాను.

ఇక జరగవలసినవి:

1. అద్దం వెనక ఉన్న ఉత్తరానికి, వస్తున్నామని రేపే జవాబు రాయాలి. నా పేరు కూడా రాయాలి, తోడుగా.

2. హజరత్తయ్య సైకిలుకు బ్రేకు వేయించేదాకా దానిని తొక్కనివ్వకూడదు.

3. పుష్పకుమారి ఇప్పుడు కావలిలో ఉందని విన్నాను. చిరునామా కనుక్కుని ఉత్తరం రాయాలి. బెంచీ సంగతి ముందు రాయాలి, క్షేమసమాచారాలు తరువాత.

4. గిటారు పెట్టెను రైలులో పైన పెట్టనివ్వకూడదు. ఒళ్లో పెట్టుకోవాలి, వంతుల వారీగా.

5. మర నేను ముట్టకూడదు.

6. రైలు కుదుపుకు మర కదిలితే ఏసుమణి మళ్లీ సరిచేసుకోవాలి. దానికి నేను పాడాలి. బెజవాడ రేడియో స్టేషను వరండాలో అయినా, పదిమంది చూస్తున్నా, "దరి" వచ్చేదాకా పాడాలి.